ఉద్యోగం ముందే మానేస్తే ఆరోగ్య బీమా ఖర్చు ఎలా మోయాలి

మీ వయసు 46, మీ ఆవిడకు 43, బాబుకు 14. 50కి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నారు. కంపెనీ ఇచ్చిన 5 లక్షల గ్రూపు పాలసీ తప్ప చేతిలో వేరే పాలసీ లేదు. మీరు నాలుగేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నారు, ఆవిడకు థైరాయిడ్ ఉంది. మానేశాక పాలసీ తీసుకుంటే సరిపోతుందా, ప్రీమియాల కోసం ఎంత పక్కన పెట్టాలి అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు: సరిపోదు. సొంత పాలసీ ఈ ఏడాదే తీసుకోండి. మానేసే తేదీ ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు కానీ, పాలసీ తేదీ వెనక్కి జరిగితే దాన్ని పూడ్చుకునే దారి ఉండదు.

ఎందుకో చెబుతాను. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిమ్ రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, గర్భసంచి తొలగింపు, మోకాలి మార్పిడి లాంటివాటికి విడిగా వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ రాని కాలం, ఉంటుంది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు, అంటే మీ బీపీకీ ఆవిడ థైరాయిడ్‌కీ, వాటివల్ల వచ్చే ఇబ్బందులకీ మరో వెయిటింగ్ పీరియడ్. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఈ రెండూ గరిష్ఠంగా 36 నెలలు. అంతకుముందు 48 ఉండేది. కొన్ని పాలసీల్లో ఇంకా తక్కువే ఉంటుంది, కాస్త ఎక్కువ ప్రీమియం కడితే తగ్గించే రైడర్లూ (పాలసీకి జోడించే అదనపు కవర్లు) ఉన్నాయి. అయినా లెక్కకు మూడేళ్లే పెట్టుకోండి. ఇప్పుడు తీసుకుంటే మీకు 49 వచ్చేసరికి ఆ మూడేళ్లూ కంపెనీ పాలసీ నీడలోనే గడిచిపోతాయి. 50లో తీసుకుంటే 53 దాకా, జీతమూ లేక కంపెనీ కవరూ లేక, బీపీ నుంచి వచ్చే గుండె సమస్యకు, మూత్రపిండాల సమస్యకు సొంత డబ్బే దిక్కు.

ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. దాన్ని మారటోరియం అంటారు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచాక, ‘జబ్బు దాచారు’ అన్న కారణం చూపి క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. మోసం చేశారని రుజువైతే తప్ప. ఇదివరకు ఇది 8 ఏళ్లు. ఇప్పుడు మొదలుపెడితే మీకు 51కల్లా ఈ రక్షణ వస్తుంది.

కంపెనీ పాలసీ ఉండగా ఇంకో ప్రీమియం దండగ కదా అని చాలామంది ఆగిపోతారు. నాలుగేళ్ల ప్రీమియం లక్షన్నరో రెండు లక్షలో అవుతుంది, నిజమే. అయితే ఆ డబ్బుతో మీరు కొంటున్నది ఈ నాలుగేళ్ల కవర్ కాదు, ఇప్పుడున్న ఆరోగ్యంతో పాలసీ పుచ్చుకునే అవకాశం. వయసు దాటిందని పాలసీలకు గేటు వేసే పద్ధతి 2024లో పోయింది కానీ, మీ రిపోర్టులు చూసి కాదనే హక్కు బీమా కంపెనీకి ఇప్పటికీ ఉంది. 49లో ఒక స్టెంట్ పడిందనుకోండి, ఆ తర్వాత చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు, ఇచ్చినా ప్రీమియం మీద లోడింగ్, అంటే అదనపు మొత్తం, వేస్తాయి. అదే స్టెంట్ పాలసీ తీసుకున్నాక పడితే, క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ ఆపకూడదు. ఒకసారి లోపలికి వెళ్లినవాళ్లను బయటికి పంపడం కష్టం, బయట ఉన్నవాళ్లను లోపలికి రానివ్వకపోవడం తేలిక. ఈ వ్యాపారం సాగేదే ఆ తేడా మీద.

ఇప్పటికే మానేసే దశలో ఉండి సొంత పాలసీ లేనివాళ్లకు ఒక దారి ఉంది. గ్రూపు నుంచి బయటకు వచ్చేటప్పుడు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారమని అడగొచ్చు, దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది, అదీ పాత సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) వరకే. 5 లక్షల గ్రూపు నుంచి 15 లక్షల పాలసీకి వెళితే మిగతా 10 లక్షలకు వెయిటింగ్ మొదటినుంచీ లెక్కిస్తారు. ఒక ఏడాది గడిచాక కావాలంటే వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు. పోర్టింగ్ దరఖాస్తు రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు వేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, రాజీనామా చేసి, చివరి పనిరోజు దాటాక హెచ్‌ఆర్‌ను అడుగుతారు. అప్పటికి గ్రూపులో పేరు తీసేసి ఉంటారు. రెండు నెలల ముందే మొదలుపెట్టండి. గత కొన్నేళ్ల గ్రూపు పాలసీ సర్టిఫికెట్లు, మీ పేరూ కుటుంబ సభ్యుల పేర్లూ ఏ తేదీ నుంచి ఉన్నాయో చూపే కాగితం, క్లెయిముల వివరాలు ముందే తీసిపెట్టుకోండి. కంపెనీలు తరచూ బీమా సంస్థను మారుస్తుంటాయి కాబట్టి పాత ఏడాది కాగితం తర్వాత దొరకదు. మీకు నాలుగేళ్ల టైముంది. ఈ దారి మీకు అత్యవసరానికే, అసలు ప్లాను కాదు.

ఇక ప్రపోజల్ ఫారం. క్లెయిములు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఏజెంటు ఫోన్లోనే ‘షుగర్ ఉందా, బీపీ ఉందా’ అని గబగబా అడిగి, అన్నిటికీ ‘లేదు’ అని కొట్టి, ‘ఓటీపీ చెప్పండి’ అంటాడు. ఆ ఓటీపీయే మీ సంతకం. మీ బీపీ ఎప్పటినుంచి, ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఆవిడ థైరాయిడ్ మాత్ర, ఎప్పుడో జరిగిన సిజేరియన్, అపెండిక్స్ ఆపరేషన్, స్కాన్‌లో కనిపించిన ఫ్యాటీ లివర్ కూడా రాయండి. దానివల్ల లోడింగ్ పడినా పడనివ్వండి. బాండు వచ్చాక అందులో ప్రపోజల్ కాపీ ఉంటుంది, దాన్ని తీసి మీరు చెప్పినవన్నీ ఉన్నాయా చూసుకోండి. లేకపోతే 30 రోజుల ఫ్రీ లుక్ గడువులోగా రాతపూర్వకంగా సరిచేయించండి, కుదరకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేయండి.

దాచినది ఎలా బయటపడుతుందో కూడా తెలుసుకోండి. ఆస్పత్రిలో చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు ‘బీపీ ఎప్పటినుంచి?’ అని అడుగుతారు. పక్కనున్న బంధువెవరో ‘చాన్నాళ్ల నుంచీ ఉందండీ, పదేళ్లవుతుందేమో’ అంటారు. కేస్ షీటులో ‘హెచ్‌టీఎన్, 10 ఏళ్లు’ అని పడిపోతుంది. క్లెయిమ్ చూసే డాక్టరు మొదట వెతికేది ఆ ఒక్క వాక్యం కోసమే. మీ ఫారంలో నాలుగేళ్లని ఉండి, కేస్ షీటులో పదేళ్లని ఉంటే మీరు నిజం చెప్పినా క్వెరీ వస్తుంది, క్యాష్‌లెస్ (బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) ఆగుతుంది. కాబట్టి బీపీ మొదటిసారి రాసిన ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసి ఇంట్లో వాళ్లందరి ఫోన్లలో ఉంచండి. తేదీ అడిగితే ఆ తేదీయే చెప్పమనండి. డిశ్చార్జి సమ్మరీ చేతికి రాగానే ఆ వాక్యం చదవండి. తప్పుంటే డాక్టరు చేత అక్కడికక్కడే దిద్దించి సంతకం పెట్టించండి. ఇంటికొచ్చాక దిద్దిస్తే నమ్మరు.

ఎంతకు తీసుకోవాలి అంటే, మీ ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (కుటుంబమంతా పంచుకునే పాలసీ) ఒకటి, దానిమీద 10 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే ఆ 10 లక్షలు దాటిన ఖర్చే ఇచ్చే, పెద్ద సూపర్ టాపప్ ఒకటి తీసుకోండి. ఒకే పాలసీని కోటి రూపాయలకు తీసుకోవడం కన్నా ఇలా తీసుకుంటే సాధారణంగా చవక. టాపప్‌కీ సూపర్ టాపప్‌కీ తేడా జాగ్రత్తగా చూసుకోండి. ఒకే ఏడాది 7 లక్షల చొప్పున రెండుసార్లు ఆస్పత్రి ఖర్చు వచ్చిందనుకుందాం. మామూలు టాపప్ ప్రతి క్లెయిమునూ విడిగా చూస్తుంది, ఏ ఒక్కటీ 10 లక్షలు దాటలేదు కాబట్టి పైసా ఇవ్వదు. సూపర్ టాపప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది. 14 లక్షల్లో మొదటి 10 మీ బేస్ పాలసీ భరిస్తే, మిగతా 4 అది ఇస్తుంది. సూపర్ టాపప్‌కూ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అందుకే అది కూడా ఇప్పుడే. రెండూ ఒకే కంపెనీలో ఉంటే క్లెయిమప్పుడు కాగితాల తిప్పట తక్కువ.

ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్దవారి వయసును బట్టి ఉంటుంది. మీకూ ఆవిడకూ మూడేళ్లే తేడా కాబట్టి ఫ్లోటర్ ఫరవాలేదు. ఎనిమిదీ పదేళ్ల తేడా ఉన్న దంపతులకు, ఒకరికి పెద్ద జబ్బున్నచోట, విడివిడి పాలసీలే మేలు. తల్లిదండ్రులను మాత్రం మీ ఫ్లోటర్‌లో కలపొద్దు. వాళ్ల వయసుతో ప్రీమియం కొండెక్కుతుంది, వాళ్ల క్లెయిములకే సమ్ ఇన్సూర్డ్ అయిపోతుంది.

పాలసీలో మొదట చూడాల్సింది రూమ్ రెంట్ పరిమితి. ఇది కేవలం గది అద్దె గొడవనుకుంటారు, కాదు. ఉదాహరణకు మీ పాలసీ రోజుకు 5,000 గదికి ఒప్పుకుంటుంది, మీరు 10,000 గదిలో ఐదు రోజులున్నారు. బిల్లు 4 లక్షలు. అందులో గది 50,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 2 లక్షలు, మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు లక్షన్నర. గదిలో సగమే ఇస్తారు, అంటే 25,000. అదే నిష్పత్తిలో డాక్టర్ల, థియేటర్ ఖర్చులనూ సగం కోసి లక్ష ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదన్నది నియమం, అవి పూర్తిగా వస్తాయి. మొత్తం 2.75 లక్షలు వచ్చి, 1.25 లక్షలు మీ జేబులోంచి పోతాయి. గదికి అదనంగా అయింది 25,000 మాత్రమే. జీతం ఉన్న రోజుల్లో ఇది ఎలాగో సర్దుకోవచ్చు, ఆగిపోయాక చాలా బాధ పెడుతుంది. పరిమితి లేనిదో, కనీసం ‘సింగిల్ ప్రైవేట్ రూమ్’ అని ఉన్నదో తీసుకోండి.

రెండోది కో-పే. 20 శాతం కో-పే అంటే ఒప్పుకున్న ప్రతి క్లెయిములో ఐదో వంతు మీదే, ఎంత పెద్ద బిల్లైనా. 61 దాటి కొత్తగా చేరినవారికే అని ఉందా, అందరికీ ఉందా చదవండి. మూడోది జోన్. ఉద్యోగం మానేసి సొంతూరికి వెళ్లిపోయే ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని అస్సలు చూడరు. కొన్ని పాలసీల్లో చిన్న ఊరి చిరునామాతో ప్రీమియం తక్కువ, కానీ హైదరాబాదులోనో చెన్నైలోనో వైద్యం చేయించుకుంటే జోన్ మారిందని 10, 20 శాతం మీ మీద వేస్తారు. పెద్ద జబ్బు చేస్తే మనం వెళ్లేది పెద్ద ఊరికే కదా. ఆ షరతు లేని పాలసీ తీసుకోండి, లేదా పెద్ద నగరపు జోన్ ప్రీమియమే కట్టండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ప్రీమియాన్ని ఇంటి ఖర్చుల్లో ఒక మామూలు పద్దుగా రాసుకోవద్దు. మిగతా ధరలకంటే ఇది వేగంగా పెరుగుతుంది. వైద్యం ఖరీదవుతుంది, పైగా మీ వయసు మరో శ్రేణిలోకి మారిన ఏడాది ఒక్కసారిగా ఎగురుతుంది. 50 ఏళ్లప్పుడు మీ బేస్, సూపర్ టాపప్ రెండూ కలిపి ఏడాదికి 50,000 అనుకుందాం. వయసూ ధరలూ కలిపి సగటున ఏటా 10 శాతం పెరిగితే, 60కి దాదాపు 1.30 లక్షలు, 70కి 3.36 లక్షలు, 80కి 8.7 లక్షలు. చూడగానే గుండె ఆగుతుంది కానీ, ఈ డబ్బంతా ఇవాళే చేతిలో ఉండక్కర్లేదు. పక్కన పెట్టిన మొత్తం కూడా పెరుగుతుంటుంది.

దీనికొక తేలిక లెక్క ఉంది. మీ నిధి మీద పన్ను పోను వచ్చే రాబడి, ప్రీమియం పెరిగే వేగం రెండూ సమానమైతే, ఎన్నేళ్లు కట్టాలో అన్ని రెట్లు ఉంటే చాలు. 50 నుంచి 85 దాకా 35 ఏళ్లు, అంటే 50,000కు 35 రెట్లు, 17.5 లక్షలు. రాబడి 7 శాతమే వచ్చి ప్రీమియం 10 శాతం పెరిగితే 35 రెట్లు చాలదు, 58 రెట్లు కావాలి, అంటే సుమారు 29 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి, 11 లక్షల పైచిలుకు. అందుకే ఈ నిధి మొత్తాన్నీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. వచ్చే ఐదారేళ్ల ప్రీమియాలు డిపాజిట్లలో, మిగతాది ఎక్కువ కాలం ఆగే పెట్టుబడుల్లో, ఈక్విటీ ఇండెక్స్ ఫండ్ లాంటివాటిలో ఉంచండి. మీ ప్రీమియం అంకె వేరుగా ఉంటే ఆ రెట్లతో హెచ్చించుకోండి. నేనైతే 29 లక్షలనే లక్ష్యంగా పెట్టుకోమంటాను. అంత పోగు కాకపోతే ఇంకో ఏడాది పనిచేయడం, తర్వాత పాలసీ వదులుకోవడం కన్నా వెయ్యిరెట్లు నయం.

కొంత ఊరట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అదే ఏడాది జనవరి నుంచి, 60 దాటినవారి ప్రీమియం ఏడాదిలో 10 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే బీమా కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. రెండు మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కడితే డిస్కౌంటు ఇస్తారు, ఆ మధ్యలో వచ్చే పెంపు మీకు తగలదు. ఉద్యోగం మానే ఏడాది చేతికి గ్రాట్యుటీ, సెలవుల డబ్బు వస్తాయి కాబట్టి అప్పుడు మూడేళ్లది కట్టేయడం తెలివైన పని. పన్ను విషయానికొస్తే, 80డి అని పిలిచే ఆరోగ్య బీమా ప్రీమియం మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, 60 లోపు 25,000, దాటితే 50,000 వరకు. ఉద్యోగం మానేశాక చాలామంది కొత్త విధానంలో ఉంటారు, అక్కడ అది రాదు. దీన్ని చూసుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ప్రీమియం మోయలేని ఏడాది వస్తే సమ్ ఇన్సూర్డ్ తగ్గించకండి, తర్వాత పెంచుకుంటే పెంచిన భాగానికి వెయిటింగ్ మళ్లీ మొదలవుతుంది. అవసరం లేని రైడర్లు తీసేయండి, బాబు ఉద్యోగంలో చేరాక ఫ్లోటర్‌లోంచి బయటికి తీసి అతనికి విడిగా పాలసీ ఇప్పించండి. ఇంకా భారమైతే స్వచ్ఛందంగా 50,000 డిడక్టిబుల్ ఎంచుకోండి. ప్రీమియం గణనీయంగా తగ్గుతుంది, పెద్ద దెబ్బకు కవర్ మాత్రం చెక్కుచెదరదు.

ప్రీమియం నిధి కాక, చికిత్సకే విడిగా ఒక ఐదారు లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి. గ్లౌజులు, మాస్కులు లాంటి 68 రకాల వస్తువుల జాబితా ఒకటుంది, వాటికి సాధారణంగా పాలసీ డబ్బివ్వదు. కన్స్యూమబుల్స్ రైడర్ ఉంటే ఇస్తారు, ఈ రైడర్ మాత్రం తీసుకోదగ్గదే. పళ్లు, కళ్లద్దాలు, నెలనెలా మాత్రలు, డాక్టరు ఫీజులు ఎలాగూ మనవే.

ప్రభుత్వ పథకాలను లెక్కలోకి తీసుకోండి, వాటిమీదే ఆధారపడకండి. ఆయుష్మాన్ భారత్‌లో 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల కవర్ 2024 అక్టోబరు 29న మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు. అయితే అది మీకు ఇంకా 24 ఏళ్ల దూరం. తక్కువ జీతంలో ఈఎస్ఐ కింద పనిచేసినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట: కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి, పదవీ విరమణ చేసినా, వీఆర్ఎస్ తీసుకున్నా, ముందుగా విరమించినా, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసుకుంటున్నవాళ్లు ఎందరో.

ప్రమాద బీమా, క్రిటికల్ ఇల్‌నెస్ (పెద్ద జబ్బు బయటపడితే ఒకేసారి డబ్బిచ్చే) పాలసీలు తీసుకోవాలనుకుంటే అవి కూడా జీతం వస్తుండగానే. ఎంతకు ఇవ్వాలో ఆదాయం చూసి నిర్ణయిస్తారు, ఆదాయం లేనప్పుడు పెద్ద మొత్తానికి ఇవ్వరు.

క్లెయిమప్పుడు మీ హక్కులు గుర్తుంచుకోండి. క్యాష్‌లెస్‌కు తొలి అనుమతి గంటలోగా, డిశ్చార్జి అనుమతి అడిగిన మూడు గంటల్లోగా ఇవ్వాలి. అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటైన బీమా భరోసా పోర్టల్, అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలుగు రాష్ట్రాల వారికి ఆఫీసు హైదరాబాదులో ఉంది, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

చివరగా చాలా చిన్నదిగా కనిపించే ఒక పని. పాలసీకి ఇచ్చిన ఈమెయిల్ ఆఫీసుది కాకూడదు. ఫోన్ నంబరు కంపెనీ సిమ్ కాకూడదు. ఆటో డెబిట్ శాలరీ ఖాతా మీద ఉండకూడదు. ఉద్యోగం మానేశాక మెయిల్ మూసేస్తారు, సిమ్ వెనక్కి తీసుకుంటారు, జీతం పడని ఖాతాలో బ్యాలెన్స్ ఉండదు. రెన్యువల్ నోటీసు వచ్చిందని కూడా మీకు తెలియదు. ఏడాది ప్రీమియం కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది, అందులో కడితే వెయిటింగ్ లెక్క చెడదు కానీ, కట్టేదాకా గడిచిన రోజుల్లో ఆస్పత్రిలో చేరితే కవర్ ఉండదు. ఆ 30 రోజులూ దాటితే పూర్తయిన మూడేళ్ల వెయిటింగ్, మారటోరియం అన్నీ పోయి, 51 ఏళ్ల వయసులో కొత్త దరఖాస్తుదారులా నిలబడాలి. రాజీనామా పత్రం ఇచ్చిన రోజే ఈ మూడూ మార్చేసి, మార్పు నమోదైందని బీమా కంపెనీ పంపే సమాచారాన్ని దాచిపెట్టండి. రెన్యువల్ తేదీని మీ ఆవిడ ఫోన్‌లో కూడా పెట్టించండి, ఎందుకంటే ఆ తేదీ వచ్చేసరికి ఆస్పత్రి మంచం మీద ఉన్నది మీరే కావచ్చు.